పలచబడిన కోటలు, తరలిపోయిన రేవులు: దిగువ కృష్ణా డెల్టాలో నివాసక్షీణతకు పురావస్తు సాక్ష్యం

ఒక కోటను ఎప్పుడు కట్టారో నిర్ణయించడం చరిత్రకారునికి కొంత సులభం. అది ఎప్పుడు పాడుపడిందో చెప్పడమూ తరచు సాధ్యమే. ఈ రెంటికీ నడుమ గోడలు చెక్కుచెదరకుండా నిలిచి ఉండగానే లోపల మనుషులు తగ్గిపోయిన కాలాలు ఉంటాయి. వాటిని గుర్తించడమే కష్టం. శాసనాలు కట్టడాన్ని చెబుతాయి, కైఫీయతులు యుద్ధాన్ని చెబుతాయి. ఖాళీగా మిగిలిన గదిని గురించి ఎవరూ శాసనం వేయించరు. అందుచేత నివాసక్షీణతకు ప్రధాన సాక్షి నేల మాత్రమే. మచిలీపట్నం కోట, ఘంటసాల, గుడివాడ దిబ్బలు, దివిసీమ గ్రామాలు ఈ సమస్యను నాలుగు భిన్న రూపాలలో చూపుతున్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే, 'పతనం' అనే ఒక్క మాటతో వ్యవహరిస్తున్న స్థితులు నిజానికి ఒకటి కావని తేలుతుంది.

రోమను దుర్గాలు నేర్పిన పద్ధతి

ఈ సమస్యను పురావస్తు శాస్త్రం నిశితంగా ఎదుర్కొన్నది బ్రిటన్‌లోని రోమను దుర్గాలలో. వేల్స్‌లోని కార్లియన్ దుర్గాన్ని క్రీ.శ. 75 ప్రాంతంలో రెండవ ఆగస్టా లీజియన్ కోసం నిర్మించారు. అది సుమారు 5,000 మంది సైనికులకు సరిపోయే దుర్గం. కాని రెండవ శతాబ్దంలో హేడ్రియన్ గోడ నిర్మాణానికీ, ఆ తరువాత స్కాట్లాండులోని ఆంటొనైన్ గోడ నిర్మాణానికీ ఆ లీజియన్ దళాలు ఉత్తరానికి తరలివెళ్లాయి. ఆ దళాలు చెక్కిన శాసనాలు ఆ గోడల వెంట లభించాయి. కార్లియన్ దుర్గాన్ని వదిలివేయలేదు. అయితే అది నిండుగానూ లేదు.

ఇటువంటి స్థితిని గుర్తించడానికి మూడు రకాల సాక్ష్యాలు తోడ్పడతాయి. మొదటిది కట్టడం: మరమ్మతు ఎక్కడ ఆగింది, ఏ గదిలో కొత్త నేల వేయలేదు, కూలిన పైకప్పు పెంకులను ఎత్తివేశారా లేదా అన్నది. రెండవది చెత్త: మురుగుకాలువలలో, గోతులలో పేరుకొన్న కుండపెంకులు, ఎముకలు, జారిపడిన చిన్న వస్తువులు. కార్లియన్ స్నానశాల మురుగుకాలువలో స్నానానికి వచ్చినవారి ఉంగరాలనుంచి ఊడిపడిన చెక్కడపు రాళ్లు పదుల సంఖ్యలో దొరికాయి. ఆ కాలువలోని నిక్షేపాలు మూడవ శతాబ్దపు తొలి భాగంతో ఆగిపోవడం స్నానశాల వాడుక ఆగినదనడానికి ఆధారమైంది. మూడవది మట్టి: మనుషులు తిరగని చోట గాలి, వాన, వేళ్లు చేర్చే నల్లని పొర.

అయితే అక్కడే ఒక హెచ్చరిక కూడ ఉన్నది. వలేరియన్, గాలియేనస్ చక్రవర్తుల కాలంలో, అంటే క్రీ.శ. 253-255 నాటికి, ఏడవ కోహర్టు నివాసాలను పునాదులనుంచి పునర్నిర్మించినట్లు కార్లియన్‌లోనే ఒక శాసనం ఉన్నది. స్నానశాల మూతపడిన తరువాత కూడ దుర్గంలో సైనికుల కోసం ఇళ్లు కట్టారన్నమాట. ఒక కట్టడపు మౌనాన్ని మొత్తం దుర్గపు మౌనంగా చదవకూడదు.

దీనికి భిన్నమైనది స్కాట్లాండులోని ఇంచ్‌టట్‌హిల్. అక్కడి దుర్గం పూర్తికాకముందే క్రీ.శ. 86-87 ప్రాంతంలో దానిని కూల్చివేసి సైన్యం వెళ్లిపోయింది. స్థానికుల చేతికి చిక్కకుండా 8 లక్షలకు పైగా ఇనుప మేకులను గోతిలో పాతిపెట్టింది. ఇది పలచబడడం కాదు. ఆజ్ఞానుసారం జరిగిన పరిత్యాగం. రెండు స్థితులూ నేలలో రెండు విధాలుగా నమోదవుతాయి.

మచిలీపట్నం: పత్రాలకు కనిపించి నేలకు కనిపించనివి

మచిలీపట్నం విలువ ఏమంటే, అక్కడి మనుషుల రాకపోకలను కుంఫిణీ పత్రాలు సంవత్సరాలతో సహా చెబుతాయి. డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను అక్కడ కొఠీలు పెట్టారు. స్థానిక అధికారుల ఒత్తిడి భరించలేక 1628లో ఇంగ్లీషువారు తమ వ్యాపారాన్ని ఆర్మగాం, అనగా దుర్గరాజపట్నం వైపు మళ్లించారు. కొద్ది సంవత్సరాలలోనే తిరిగి వచ్చి, 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి 'బంగారు ఫర్మానా' పొందారు.

ఈ విరామాన్ని నేల చెప్పగలదా? నాలుగేళ్లలో కుండల ఆకృతి మారదు, గోడ శిథిలం కాదు, గచ్చుమీద చెప్పుకోదగిన మట్టి చేరదు. తవ్వకందారుకు 1611 నాటి నేలా 1632 నాటి నేలా ఒకే అవిచ్ఛిన్న నివాసంగా కనిపిస్తాయి. కనుక పురావస్తు సాక్ష్యంలో 'అవిచ్ఛిన్నత' అన్న మాటకు అర్థం ఆ సాక్ష్యపు సూక్ష్మత మేరకే. శాతవాహన స్థలాలలో ఒక పొరకు నూరేళ్ల కాలం ఇచ్చేటప్పుడు ఆ నూరేళ్లలో ఇటువంటి విరామాలు ఎన్ని దాగి ఉండవచ్చునో మచిలీపట్నం గుర్తుచేస్తుంది.

కోట కథ దీనికి భిన్నం. ఊరికి ఆగ్నేయంగా, ఉప్పుకయ్యల నడుమ ఉన్న ఆ కోటను ఫ్రెంచివారు 1750లో వశపరచుకొని పటిష్ఠపరచారు. 1759 ఏప్రిల్ 7-8 తేదీల రాత్రి కర్నల్ ఫోర్డ్ దాడిచేసి పట్టుకొన్నప్పుడు కాన్‌ఫ్లాన్స్ అధీనంలో సుమారు 500 మంది ఐరోపా సైనికులూ, రెండువేలకు పైబడిన సిపాయిలూ ఉన్నారు. లొంగినవారి సంఖ్య గెలిచినవారి సంఖ్యను మించింది. కోట కిక్కిరిసి ఉన్న క్షణం అది. ఉత్తర సర్కారులు ఇంగ్లీషువారి వశమైన తరువాత అక్కడ ఎదిరించవలసిన శత్రువు లేకపోయాడు. 1794లో మచిలీపట్నపు కౌన్సిలు రద్దయి కలెక్టర్ల పాలన వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో అద్దకపు బట్టల ఎగుమతి క్షీణించింది. కోట ఉన్నది, కోట అవసరం తగ్గింది.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చింది. గార్డన్ మెకంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్ ప్రకారం మృతులు సుమారు 30,000 మంది. దాని తరువాత కోటలోని సైనిక స్థావరాన్ని ఎత్తివేశారు. ఉప్పెన కోటను చంపిందన్నది అప్పటినుంచి వాడుకలో ఉన్న వివరణ.

ఒకే ఉప్పెన, రెండు ఫలితాలు

ఈ వివరణను పరీక్షించడానికి దివిసీమ ఉన్నది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో దివిసీమ తీరగ్రామాలు నీట మునిగాయి. అధికారిక లెక్కల ప్రకారమే మృతులు సుమారు 10,000 మంది. అయినా దివిసీమ ఖాళీ కాలేదు. బతికినవారు తమ చేలకు, తమ పడవలకు తిరిగి వచ్చారు. గ్రామాలు లేచాయి, తుపాను షెల్టర్లు వెలిశాయి. మచిలీపట్నంలో కూడ 1864 తరువాత ఊరు మిగిలింది, కోట మిగలలేదు.

రెండుచోట్లా సముద్రం చేసిన పని ఒకటే. నేలలో మిగిలే గుర్తు కూడ ఒకటే కావాలి: ఇసుక, గుల్లలు, ఒండ్రు కలగలిసిన పొర. తేడా ఆ పొరకు పైన ఉంటుంది. దివిసీమలో దానిపైన మళ్లీ పొయ్యి, మళ్లీ నేలకట్టు. కోటలో దానిపైన గడ్డి, ముళ్లపొదలు, ఇటుకలు ఏరుకొన్న గోతులు. ఈ భేదానికి కారణం ఉప్పెన తీవ్రత కాదు. రైతుకూ జాలరికీ ఆ నేలతో, ఆ నీటితో బతుకు ముడిపడి ఉన్నది. సైనికునికి ఉన్నది జీతం, ఆజ్ఞ. అప్పటికే ప్రయోజనం కోల్పోయిన కోటను విడిచిపెట్టడానికి ఉప్పెన సందర్భమైంది గాని మూలకారణం కాలేదు. కావున ప్రాచీన స్థలాలలో ఒక ఒండ్రుపొర కనిపించిన వెంటనే దానిని నివాసాంతానికి కారణంగా నిర్ణయించడం తొందరపాటు అవుతుంది. పొర సంఘటనను మాత్రమే చెబుతుంది. దాని తరువాత మనుషులు చేసిన నిర్ణయాన్ని పైపొరలోనే చదవాలి.

ఘంటసాల, గుడివాడ: పోయిన పైపొర

చిక్కు ఏమంటే, డెల్టాలోని ప్రాచీన స్థలాలలో ముందుగా పోయినది ఆ పైపొరే. గుడివాడలోని లంజదిబ్బ స్తూపాన్ని బెజవాడ-బందరు రహదారికి ఇటుకల కోసం తవ్వివేశారు. భట్టిప్రోలు స్తూపపు ఇటుకలూ పాలరాళ్లూ పందొమ్మిదో శతాబ్దంలోనే రోడ్లకూ కాలువ నిర్మాణాలకూ వెళ్లాయి. అలెగ్జాండర్ రే భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలను పరిశీలించి 1894లో నివేదిక ప్రచురించే నాటికే దిబ్బల పైభాగాలు తలకిందులై ఉన్నాయి. తవ్విపోసేవారు పైనుంచి కిందికి తవ్వుతారు. చివరి నివాసపు ఆనవాళ్లు మొదట పోతాయి; తొలి నివాసపు ఆనవాళ్లు చివరిదాకా మిగులుతాయి. ఫలితంగా ప్రతి దిబ్బ నిజంగా ముగిసిన కాలం కంటె ముందే ముగిసినట్లు కనిపిస్తుంది. శాతవాహన, ఇక్ష్వాకుల తరువాత డెల్టా పట్టణాలు హఠాత్తుగా అణగారిపోయాయన్న అభిప్రాయంలో కొంతభాగం ఈ ఇటుకల దోపిడీ సృష్టించిన భ్రమ కావచ్చు.

రోమను వర్తకం తగ్గినందువల్ల ఘంటసాల క్షీణించిందన్న వాదాన్ని కూడ ఈ దృష్టితో చూడాలి. టాలెమీ మైసోలియా ప్రాంతంలో పేర్కొన్న కొంటకొస్సిలా రేవును ఘంటసాలగా పండితులు గుర్తించారు. వోగెల్ ప్రచురించిన ఘంటసాల ప్రాకృత శాసనాలలో శివకుడనే మహానావికుని ప్రస్తావన ఉన్నది. క్రీ.శ. మూడవ శతాబ్దంలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షంలో, ఉపాసిక బోధిశ్రీ నాగార్జునకొండలో వేయించిన శాసనం కంటకసోలలోని మహాచైత్యాన్ని, అక్కడ ఆమె చేయించిన ధర్మకార్యాన్ని పేర్కొంటుంది. శాతవాహనులు అంతరించిన తరువాత కూడ దాతలను ఆకర్షించగలిగిన స్థలం అది. మధ్యయుగంలో అక్కడే సముద్రాధిపతి పేరు ధరించిన జలధీశ్వరుని ఆలయం నిలిచింది. ఇది ఆరిపోయిన ఊరి కథ కాదు. వెలుగు హెచ్చుతగ్గులైన ఊరి కథ.

అరికమేడు ఈ విషయంలో మంచి గుణపాఠం. 1945లో అక్కడ తవ్విన మార్టిమర్ వీలర్ ఇటలీ మృణ్మయ పాత్రల ఆధారంగా ఆ రేవు జీవితాన్ని క్రీ.శ. 200 ప్రాంతంలో ముగించాడు. 1989-92 నడుమ విమలా బెగ్లీ ఆధ్వర్యంలో జరిగిన తవ్వకాలు ఆ ఊరు వీలర్ చెప్పినదాని కంటె ముందే పుట్టి, చాలాకాలం తరువాత కూడ ఉన్నట్లు చూపాయి. విదేశీ పాత్రలు ఆగిపోవడాన్ని ఊరు ఆగిపోవడంగా పొరబడే ప్రమాదం ప్రతి రేవులోనూ ఉన్నది.

పైగా డెల్టాలో రేవు కదులుతుంది. కృష్ణ మోసుకొచ్చే ఒండ్రుతో తీరం ముందుకు జరిగిన కొద్దీ ఓడలు ఆగే చోటు మారింది. కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించినది మోటుపల్లిలో. గోల్కొండ కాలంలో ఆ ప్రాధాన్యం మచిలీపట్నానికి వచ్చింది. ఒక్కొక్క రేవును విడివిడిగా చూస్తే ప్రతిదీ పతనగాథే. తీరమంతటినీ కలిపి చూస్తే అది ఒక వర్తకం తన నివాసాన్ని మార్చుకొన్న వృత్తాంతం.

ఉపసంహారం

పై పరిశీలనవల్ల నివాసక్షీణత అనే పేరు కింద కనీసం నాలుగు స్థితులను వేరుచేయవలసి ఉన్నది. ఇంచ్‌టట్‌హిల్‌లో వలె ఆజ్ఞతో జరిగిన పరిత్యాగం ఒకటి. కార్లియన్‌లో వలె కట్టడం నిలిచి జనం పలచబడడం రెండవది. ఘంటసాల, మోటుపల్లి, మచిలీపట్నాల వరుసలో వలె స్థానాంతరణం మూడవది. గుడివాడలో వలె నివాసం కాక దాని సాక్ష్యమే నశించడం నాల్గవది. మొదటి మూడూ ప్రాచీనుల చరిత్ర. నాల్గవది ఆధునికుల చర్య. దానిని మిగిలిన మూడింటిలో కలిపివేస్తే రోడ్డుపనివారి గునపం చేసిన గాయం శాతవాహనుల, ఇక్ష్వాకుల ఖాతాలో పడుతుంది.

కోటగోడల కొలతల కంటె కాలువలలోని చెత్త, స్తూపశిల్పాల కంటె దిబ్బ అంచులలోని పలుచని పొరలు, విదేశీ నాణేల కంటె స్థానిక కుండపెంకులు ఇకమీదట ఎక్కువ శ్రద్ధకు అర్హమైనవి. మచిలీపట్నం కోటలో పత్రాల కాలక్రమమూ నేల కాలక్రమమూ ఒకేచోట దొరికే అవకాశం ఉన్నది. అక్కడి మట్టిని ఆ పత్రాలతో సరిపోల్చి చదివితే, పత్రాలు లేని ఘంటసాల, గుడివాడ దిబ్బలను చదవడానికి అవసరమైన కొలమానం లభిస్తుంది.