జగ్గయ్యపేట రాతిమీద ఒక కుటుంబం

కృష్ణా జిల్లా మెరక ప్రాంతంలోని జగ్గయ్యపేట (2022 నుండి ఇది ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది) పేరులోనే ఒక తండ్రి పేరు ఉన్నది. పూర్వం ఆ ఊరు బేతవోలు. చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు నిలుపదలచి దానిని జగ్గయ్యపేట చేశాడు. నందిగామ పరగణా కూడ ఆ వంశం ఏలుబడిలోనిదే.

ఇటువంటి వంశాన్ని గూర్చి వెదకేవారికి ఆధారాలకు కొదవ లేదు. గ్రామకరణాల కవిలెల నుండి కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతులున్నాయి. కుంపిణీవారి పేష్కషు లెక్కలున్నాయి. అన్నిటికంటె మేలైనది కోర్టు వ్యాజ్యం. వేంకటాద్రి నాయుడు ఒకరి తరువాత ఒకరిగా ఇద్దరిని దత్తత చేసుకొని 1816లో మరణించాడు. మొదటి దత్తపుత్రుడు ఉండగా రెండవ దత్తత చెల్లునా అన్న తగవు లండనులోని ప్రీవీ కౌన్సిలు వరకు పోయి, చెల్లదని 1846లో తేలింది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఆస్తి తగవు వచ్చినప్పుడు నమోదైనంత వివరంగా మరెప్పుడూ నమోదు కాదు!

మరి జమీందారీ లేనివాని మాట ఏమిటి? ఉలి పట్టి బ్రతికినవాని తల్లి పేరు, చెల్లి పేరు ఎవరు వ్రాసిపెడతారు?

దీనికి జవాబు జగ్గయ్యపేటకు చేరువనే ఉన్న ధనంబోడు గుట్టమీద దొరికింది. అక్కడి బౌద్ధ స్తూపాన్ని 1882లో జేమ్స్ బర్జెస్ త్రవ్వించాడు. బయటపడిన స్తంభాలలో మూడింటిమీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో దాదాపు ఒకే పాఠం ఉన్నది. ఒకచోట అక్షరం చెడితే మరొకచోట సరిచూచుకొనవచ్చు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో, అనగా క్రీ. శ. 3వ శతాబ్దిలో, వెలగిరి మహాచైత్యపు తూర్పు ద్వారాన సిద్ధార్థుడనే శిల్పి ఐదు ఆయక స్తంభాలు నిలిపాడని దాని సారాంశం.

రాజు పేరు కాలనిర్ణయానికి పనికివచ్చింది. కుటుంబ చరిత్రకు పనికివచ్చేది ఆ తరువాతి భాగం. సిద్ధార్థుని తండ్రి నాకచంద, అతడూ శిల్పియే. తల్లి నాగిలనిని ముందు నిలుపుకొని ఈ దానం చేస్తున్నానన్నాడు సిద్ధార్థుడు. భార్య సముదని, కొడుకు మూలసిరి, కూతురు నాకబుధనిక. తమ్ముడో అన్నో, బుధినాక. అతని భార్య కనిక. వారి పిల్లలు నాగసిరి, చందసిరి, సిధథనిక. మూడు తరాలు, పదిమందికి పైగా మనుషులు. దానంలో తల్లిని ముందు నిలిపాడు గనుక తండ్రి అప్పటికి గతించి ఉండవచ్చు. కాని శాసనం ఆ మాట అనలేదు. మనం ఊహను ఊహగానే ఉంచాలి.

ఈ పేర్లను కొంచెం కదిపి చూడండి. ‘నాక’ అన్నది ‘నాగ’కే మారురూపమనుకుంటే, తాత నాకచంద పేరును రెండుగా పంచి మనుమలకు నాగసిరి, చందసిరి అని పెట్టినట్లున్నది. సోదరుని కూతురు సిధథనిక పేరులో సిద్ధార్థుడున్నాడు; సిద్ధార్థుని కూతురి పేరులో బుధినాక ఉన్నాడు. తాత పేరు మనుమనికి పెట్టే మన అలవాటుకు ఇది ఎంత దగ్గర!

మనలో ఎవరైనా ఈ సిద్ధార్థుని సంతతివారేనా? తరానికి 25 ఏళ్ల చొప్పున నాటికి నేటికి నడుమ సుమారు 70 తరాలు. ప్రతివారికి తల్లిదండ్రులు ఇద్దరు, తాతలు అవ్వలు నలుగురు. ఇట్లా రెట్టింపు చేస్తూ పోతే 30వ తరానికే పూర్వుల లెక్క 107 కోట్లు దాటుతుంది. అంతమంది నాడు ఈ దేశంలో ఎక్కడివారు? ఒకే మనిషి వంశవృక్షంలో అనేక కొమ్మలమీద మళ్లీ మళ్లీ కనిపిస్తాడన్నమాట. మేనరికం దీనికి చక్కని ఉదాహరణ. మేనత్త కొడుకును పెండ్లాడిన స్త్రీ బిడ్డలకు ముత్తాతలు, ముత్తవ్వలు కలిసి ఎనిమిదిమంది కారు, ఆరుగురే. కనుక సిద్ధార్థుని వంశం నిలిచి ఉంటే, అతని రక్తం నందిగామ ప్రాంతంలో ఎందరికో ఉండవచ్చు. ఏ ఒక్కరికీ దానికి కాగితం మాత్రం లేదు.

కాగితం ఎంతవరకు పోతుంది? జనన మరణాల నమోదును దేశమంతటా తప్పనిసరి చేసిన చట్టం 1969 నాటిది. దానికి వెనుక, 1858లో మద్రాసు రాజధానిలో ఏర్పడిన ఇనాం కమిషను రిజిస్టర్లలో ఇనాందార్ల పేర్లు, వయసులు దొరుకుతాయి. ఊరి కమ్మరి, వడ్రంగి, చాకలి మాన్యాలు కూడ వాటిలో ఉండడం మన అదృష్టం. ఇంకా వెనుకకు పోతే కరణాల కవిలెలు; వాటిలో కరణం తన వంశాన్ని వ్రాసుకున్నంత శ్రద్ధగా ఇతరులను వ్రాయలేదు. ఆపైన శిలలే.

శిలలకూ భయం లేకపోలేదు. తండ్రి పేరు నిలుపుటకు ఊరికి పేరు మార్చిన వేంకటాద్రి నాయుడే అమరావతిలో కొత్త పట్టణం కట్టించినప్పుడు, అక్కడి స్తూపపు రాళ్లు కట్టడాలకు తరలిపోయాయి. వాటిమీద ఎందరు సిద్ధార్థుల తల్లుల పేర్లు ఉండెనో! ధనంబోడు స్తంభాలు దక్కబట్టి నాగిలని పేరు నేడు మనకు తెలుస్తున్నది.