పానిపట్టు షాడీ పరిశ్రమ

వాడి వదిలేసిన ఉన్ని దుస్తులను చించి పీచు చేసి, ఆ పీచును మళ్లీ వడికి రగ్గులు నేసే పరిశ్రమ ఇది. ఇలా తీసిన పీచునూ, దాంతో నేసిన బట్టనూ షాడీ అంటారు. హర్యానాలో, ఢిల్లీకి ఉత్తరాన సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్న పానిపట్టు దీనికి ప్రపంచంలోని పెద్ద కేంద్రాల్లో ఒకటి. 1526, 1556, 1761 నాటి యుద్ధాలతోనే మనకు తెలిసిన ఊరు ఇది. దాని రెండో చరిత్ర చలిదేశాల కోట్లతో ముడిపడి ఉంది.

ఈ విద్య పుట్టింది ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో. అక్కడి బాట్లీ పట్టణంలో బెంజమిన్ లా 1813లో పాత ఉన్ని పీలికలను చీల్చి, కొత్త ఉన్నితో కలిపి వడికే పద్ధతిని రూపొందించాడు. పీలికలను చీల్చే ముళ్ల సిలిండరు యంత్రాన్ని కార్మికులు దయ్యం అని పిలిచేవారు. బాట్లీ, పక్కనున్న డ్యూస్‌బరీ పట్టణాలకు ఐరోపా నలుమూలల నుంచీ పాత బట్టల మూటలు దిగేవి. ఆ మూటలతో పాటు రోగాలూ దిగేవి. గుడ్డలు ఏరే స్త్రీల దుస్థితిని, వారిద్వారా మశూచి వ్యాపించడాన్ని కార్ల్ మార్క్స్ 1867లో వెలువడిన ‘పెట్టుబడి’ మొదటి సంపుటంలోనే ప్రస్తావించాడు. తర్వాతి కాలంలో ఇటలీలోని ప్రాటో కూడా ఈ పనికి పేరు పొందింది. ఐరోపాలో కూలి ఖర్చులు పెరిగేకొద్దీ పని తూర్పుకు జరిగింది.

పానిపట్టులో చేతి మగ్గాలు ముందునుంచీ ఉన్నాయి. 1947 దేశ విభజనలో ఇక్కడి ముస్లిం నేతగాళ్లు అనేకులు పాకిస్తాన్‌కు వెళ్లిపోయారు. పశ్చిమ పంజాబులోని ఝంగ్, ముల్తాన్ ప్రాంతాల నుంచి వచ్చిన కాందిశీకులు ఇక్కడ స్థిరపడి నేత సాగించారు. దుప్పట్లు, జంపఖానాలు, తివాచీలతో ఊరు ఎదిగింది. 1980ల తర్వాత షాడీ మిల్లులు ఇక్కడ బాగా పెరిగాయి. చౌకగా దొరికే శ్రమ, మగ్గాల పనితనం, దగ్గరలోనే ఢిల్లీ మార్కెట్ ఇందుకు కలిసొచ్చాయి.

ఈ పరిశ్రమకు రూపమిచ్చిన అసలు శక్తి మాత్రం దిగుమతి నిబంధన. తొడుక్కోదగ్గ పాత దుస్తులు దేశంలోకి స్వేచ్ఛగా వస్తే ఇక్కడి బట్టల పరిశ్రమ దెబ్బతింటుందని ప్రభుత్వం వాటికి లైసెన్సు తప్పనిసరి చేసింది. ఇక తొడుక్కోవడానికి పనికిరాకుండా కోసేసిన ఉన్ని గుడ్డలను ముడిసరుకుగా రానిచ్చింది. అందుకే విదేశంలో ఎవరో దానమిచ్చిన మంచి కోటు కూడా కత్తి గాట్లతోనే పానిపట్టు చేరుతుంది. గుజరాత్‌లోని కాండ్లాలో 1965లో ఏర్పాటైన ఎగుమతి మండలంలో ఇంకో దారి ఉంది. అక్కడి యూనిట్లు పాత బట్టలను దిగుమతి చేసుకుని వేరుచేస్తాయి. తొడుక్కోదగ్గవాటిని మళ్లీ ప్రెస్సులో నొక్కి, బేళ్లు కట్టి ఆఫ్రికా దేశాలకు పంపుతాయి. మిగిలినవాటిని కోసి దేశంలో అమ్ముతాయి. కెన్యాలోనూ ఘనాలోనూ ఆ బేళ్ల మీద బతికే పెద్ద బజార్లున్నాయి. రువాండా 2016లో పాత బట్టలపై సుంకం బాగా పెంచితే, అమెరికా 2018లో ఆ దేశపు దుస్తులకు ఇచ్చిన సుంకం మినహాయింపును నిలిపివేసింది. పాత చొక్కాల వెనుక అంత రాజకీయం ఉంది.

బేలు విప్పగానే మొదటి పని రంగులు ఏరడం. ఎరుపు, నీలం, నలుపు, గోధుమ రంగులు దేనికది కుప్పగా పడతాయి. ఈ ఏరివేత సరిగా జరిగితే దారానికి మళ్లీ అద్దకం అక్కర్లేదు. నీళ్లూ రసాయనాలూ ఆదా అవుతాయి. తర్వాత స్త్రీలు వరసగా నేలమీద కూర్చుని, కత్తిపీట లాంటి నిలువు కత్తికి బట్టను ఆనించి కోస్తారు. గుండీలు, జిప్పులు, అస్తరు, కంపెనీ చీటీలు తీసేస్తారు. జిప్పులూ గుండీలూ వేరే వ్యాపారులకు పోతాయి. ముక్కలను ముళ్ల యంత్రం పీచుగా చీలుస్తుంది. చీలినప్పుడు పోగులు తెగి పొట్టివవుతాయి కాబట్టి, నిలబడే దారం కోసం కొంత కృత్రిమ పీచు కలుపుతారు. ఏకి, వడికి, మరమగ్గం మీద నేసి, తీగ బ్రష్షులతో నూగు లేపితే రగ్గు తయారవుతుంది. యంత్రాలు ఎన్ని ఉన్నా, సరుకు నాణ్యతను నిర్ణయించేది ఏరే చేతులే. ఆ చేతులకు దక్కే కూలి మాత్రం ఈ గొలుసులో అన్నిటికన్నా తక్కువవాటిలో ఒకటి. చీల్చే గదుల్లో గాలంతా నలకలే. వాటిని ఏళ్లతరబడి పీల్చినవారిని ఊపిరితిత్తుల జబ్బులు పట్టుకుంటాయి.

భూకంపాలు, వరదలు, యుద్ధాల వేళ సహాయ సంస్థలు పంచే ముదురు రంగు రగ్గుల్లో ఒకప్పుడు చాలాభాగం పానిపట్టువే. చవకగా దొరకడం, తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకోవడం ఉన్ని రగ్గుకు కలిసొచ్చాయి. ఈ పని మీద మేఘనా గుప్తా 2012లో ‘అన్‌రావెల్’ అనే చిన్న డాక్యుమెంటరీ తీసింది. తాము కోస్తున్న దుస్తుల సొంతదారుల గురించి కార్మిక స్త్రీలు ఊహించుకునే మాటలే దాని ప్రాణం.

2010లలో పరిస్థితి మారింది. మెత్తని, తేలికైన పాలిస్టర్ ఫ్లీస్ రగ్గులు షాడీ రగ్గు చోటును ఆక్రమించాయి. పానిపట్టు మిల్లులే అనేకం ఫ్లీస్ యంత్రాలకు మారాయి. మరికొన్ని నూలు, మిశ్రమ బట్టల వైపు తిరిగాయి. తిరుప్పూరు బనియన్ కంపెనీల కత్తిరింపులు కూడా ఇప్పుడు ఇక్కడికి వచ్చి దారమై, కాళ్లపట్టాలుగా, జంపఖానాలుగా బయటికి వెళ్తున్నాయి. తెలుగు ఊళ్లలో స్టీలు సామాన్లకు మార్చుకునే పాత చీరలు, చొక్కాల దారి వేరు. అవి ఎక్కువగా పాతబట్టల సంతలకూ, షెడ్లలో చేతులు తుడిచే గుడ్డలకూ పోతాయి. ఇంట్లో మిగిలినవి బొంతలవుతాయి.

ఐరోపా సమాఖ్య దేశాల్లో 2025 జనవరి 1 నుంచి వస్త్ర వ్యర్థాలను విడిగా సేకరించడం తప్పనిసరైంది. అలా పోగయ్యే సరుకులో ఉన్ని తక్కువ. నూలూ పాలిస్టరూ కలిసినవి, సాగే స్పాండెక్స్ దారం చేరినవి ఎక్కువ. ముళ్ల సిలిండరుకు ఈ పీచులను వేరుచేయడం చేతకాదు. అందుకే ఆ మిశ్రమం చాలావరకు పరుపుల్లో కూరే దూదిగానో, ముతక ఫెల్టుగానో మారుతోంది.