ఖాళీ ఒడి ఎవరి నేరం?

మా ఇళ్లలో ఒక మాట ఉంది: బాంఝ్. తెలుగులో గొడ్రాలు అంటారు. రెండు భాషల్లోనూ ఆ మాట ఆడదాన్ని కుళ్లబొడవడానికే పుట్టింది. పెళ్లయి మూడేళ్లు దాటినా బహూ కడుపు పండకపోతే తావీజు కడతాం. దర్గాకు తీసుకెళ్లి చాదర్ కప్పిస్తాం. ఆ తర్వాత ఏ ఖాలాయో, ఏ ఫూఫీయో రెండో నికా మాట మెల్లగా కదుపుతుంది. కొడుకును కూడా ఒకసారి డాక్టరుకు చూపిద్దామని మాత్రం ఎవరికీ తోచదు.

ఉర్దూ, తెలుగు పత్రికలు రెండూ చదివే మాకు ఈ విషయంలో రెండు అబద్ధాలు ఎదురవుతుంటాయి. సంతానం కోసం చేసే ఆధునిక వైద్యమంతా హరామ్ అనేది ఒకటి. ముస్లింలు సైన్సుకు అడ్డం పడతారనేది రెండోది. చరిత్ర తిరగేస్తే రెండూ నిలబడవు.

1978 జులై 25న ఇంగ్లండులో మొదటి టెస్ట్‌ట్యూబ్ బేబీ లూయీజ్ బ్రౌన్ పుట్టింది. అదే ఏడాది అక్టోబరు 3న డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో కలకత్తాలో మరో పాప పుట్టింది. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన మాట నమ్మలేదు. అవమానాలు భరించలేక 1981లో ఆయన ఉరేసుకున్నాడు. అంటే సైన్సుకు అడ్డం పడటానికి గడ్డమూ టోపీయే ఉండనక్కర్లేదు.

ఇంతలో కైరోలో ఏం జరిగింది? 1980 మార్చి 23న ఈజిప్టు ముఫ్తీ షేక్ జాదల్ హఖ్ ఒక ఫత్వా ఇచ్చాడు. తర్వాత ఆయనే అల్ అజ్‌హర్‌కు పెద్ద అయ్యాడు. భర్త వీర్యం, భార్య అండం కలిపి బయట పిండం చేసి ఆ భార్య గర్భంలోనే పెడితే తప్పు లేదన్నాడు. సంతానలేమి జబ్బు, జబ్బుకు మందు తీసుకోవడం జాయిజ్ అన్నది ఆయన తర్కం. మూడో మనిషి వీర్యం గానీ అండం గానీ కలిస్తే మాత్రం కూడదన్నాడు. ఎందుకంటే నసబ్ చెడుతుంది. నసబ్ అంటే ఎవరి బిడ్డ ఎవరన్న లెక్క. వారసత్వం, ఎవరితో నికా చెల్లుతుంది ఎవరితో చెల్లదు అన్నవన్నీ దాని మీదే నిలబడ్డాయి. బిడ్డకు తన పుట్టుక తెలిసే హక్కు కూడా అందులోనే ఉంది.

అద్దె గర్భం దగ్గర ఈ లెక్క చిక్కుపడింది. 1984లో మక్కాలోని ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్ మండలి ఒక దారి తెరిచింది. ఒకరికి ఇద్దరు భార్యలుంటే ఒకామె అండంతో అయిన పిండాన్ని రెండో ఆమె మోయవచ్చంది. మరుసటి ఏడాదే ఆ మాట వెనక్కి తీసుకుంది. మోసే ఆమెకు ఆ రోజుల్లోనే సొంతంగా కూడా కడుపొస్తే ఏ బిడ్డ ఎవరిదో ఎలా తేలుతుందన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. 1986 అక్టోబరులో ఇస్లామిక్ దేశాల సంస్థకు చెందిన ఫిఖ్ అకాడమీ అమ్మాన్‌లో కూర్చుని ఏడు పద్ధతులను పరిశీలించింది. ఐదింటిని కాదంది. భార్యాభర్తల మధ్యనే సాగే రెండింటికి ఒప్పుకుంది. కాదన్న ఐదింట్లో సవతి గర్భం కూడా చేరింది.

షియాల దారి వేరు. 1999లో ఇరాన్ నేత ఆయతుల్లా ఖమేనీ షరతులతో వీర్యదానాన్నీ అండదానాన్నీ కూడా అనుమతించాడు. 2003లో ఆ దేశ పార్లమెంటు పిండదానానికి చట్టం చేసింది. అక్కడ అద్దె గర్భం కూడా నడుస్తోంది. ఒకే ఖురాన్ చదివేవాళ్లు రెండు తీర్పులకు వచ్చారు. షరియత్ కదలని బండరాయి అని మాకు చెప్పేవాళ్లూ, మమ్మల్ని వెక్కిరించేవాళ్లూ ఇది గమనించాలి.

ఇంతకీ తల్లెవరు? అండం ఇచ్చినామెనా, మోసినామెనా? కన్నవాళ్లే తల్లులని చెప్పే ముజాదిలా సూరా ఆధారంగా చాలామంది ఉలేమా మోసినామె వైపు నిలిచారు. అండం ఇచ్చినామే తల్లి, మోసినామె పాలతల్లి లాంటిదని కొందరన్నారు. పాలతల్లి మాకు కొత్త కాదు. ప్రవక్తకు పాలిచ్చిన హలీమాను ఈనాటికీ గౌరవంగా తలుచుకుంటాం. ఒక బిడ్డకు ఇద్దరు తల్లులుండటం మా ఊహకు అందని సంగతేం కాదు.

ఈ తీర్మానాల్లో వినపడని గొంతు ఒకటుంది. అది పిల్లలు లేని ఆడమనిషిది. నసబ్ గురించి ఇంత తర్కం చేసినవాళ్లు, బాంఝ్ అన్న తిట్టు తిని తలాఖ్ పొందినామె గురించి ఎంత మాట్లాడారు? లోపం మగవాడిలోనూ ఉండవచ్చని వెయ్యేళ్ల కిందటే ఇబ్నె సీనా తన వైద్యగ్రంథం ఖానూన్‌లో రాశాడు. చార్మినార్ పక్కన యునానీ దవాఖానా పెట్టుకున్న మేము ఆయన మందులు గుర్తుపెట్టుకుని ఆ మాట మరిచిపోయాం.

సైన్సు తోడొచ్చినా ఆడవాళ్లకు ఊరట దొరకలేదు. 1992లో ఇక్సీ పద్ధతి వచ్చింది. ఒక్క వీర్యకణాన్ని నేరుగా అండంలోకి ఎక్కించడంతో, కణాలు తక్కువున్న మగవాడు కూడా తండ్రి కాగలిగాడు. ఈజిప్టులో పరిశోధన చేసిన మార్షియా ఇన్‌హార్న్ దీని రెండో ముఖం చూపించింది. లోపం భర్తదే అయినా ఏళ్ల తరబడి అతనితో కాపురం చేసిన భార్యకు ఈలోగా వయసు దాటిపోతుంది. అతను పడుచు భార్యను తెచ్చుకునే వీలు కలిగింది. అండదానానికి ఒప్పుకోని ఫత్వా ఆ మొదటి భార్యకు దారి మూసింది.

మన దేశంలో దాదాపు ఇరవై ఏళ్లు గర్భాలు అద్దెకు నడిచాయి. మోసినవాళ్లంతా బీద ఆడవాళ్లే. 2021 చట్టం డబ్బుకు మోయడాన్ని నిషేధించింది. ఫిఖ్ నసబ్ కోసం వద్దంది, చట్టం దోపిడీని ఆపడానికి వద్దంది. కారణాలు వేరైనా రెండూ ఒక గుమ్మం దగ్గరే ఆగాయి. ఇక జాయిజ్ అన్న వైద్యానికే ప్రైవేటు ఆసుపత్రిలో ఒక్క ప్రయత్నానికి లక్ష పైనే అవుతుంది. లాడ్‌బజారులో గాజులు చేసే మనిషికీ, పల్లెలో పరుపులు కుట్టే దూదేకుల మనిషికీ అడ్డం ఫత్వా కాదు, బీదరికం.

యతీముడైన బిడ్డను తెచ్చి పెంచడం పుణ్యమని ఇస్లాం చెప్పింది. కన్నతండ్రి పేరు చెరపవద్దని మాత్రమే అంది. మతం ఏదైనా చట్టప్రకారం దత్తత తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మా బస్తీల్లో దత్తత కన్నా రెండో నికాయే సులువు.

మేము ఉలేమాను అడిగేది కొత్త ఫత్వా కాదు. నలభై ఏళ్లు దాటిన ఆ పాత ఫత్వానే జుమా రోజు మసీదులో ఉర్దూలోనూ తెలుగులోనూ చదవండి. పరీక్షకు ముందు మగవాడు వెళ్లాలని చెప్పండి. సెక్యులర్ మిత్రులారా, మమ్మల్ని ముల్లాల లెక్కలో కట్టేసే ముందు మా ఆడవాళ్లకు సర్కారు దవాఖానాలో ఆ వైద్యం ఉచితంగా అందాలని మాతో కలిసి అడగండి.

మా అమ్మీలు, ఆపాలు ఆ మాట పడుతూనే బతికారు. మా బేటీలు పడకూడదు.