గాలిలో మొక్క – ఒకే ఫలకంపై పలు ముద్రలు: ఒక చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఛాయాచిత్రకళ తొలిదశలో చలనం ఒక అవరోధం. 1838లో డగేర్ పారిస్‌లోని బులెవార్ దు తాంప్ల్ వీధిని చిత్రించినప్పుడు, ఫలకానికి నిమిషాలపాటు వెలుగు సోకవలసి ఉండటంతో కదిలే బండ్లు, బాటసారులు చిత్రంలో నిలువలేదు. బూట్లు తుడిపించుకుంటూ నిలిచిన మనిషి మాత్రం మిగిలాడు. గాలికి ఊగే ఆకుకూ ఇదే నియమం వర్తిస్తుంది. లోపంగా భావించిన ఈ చలనం చిత్రవస్తువుగా మారడంలో మల్టిపుల్ ఎక్స్‌పోజర్ పద్ధతి పాత్రను, ఆ చిత్రాలకు సాక్ష్యంగా ఉన్న విలువను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిశ్చలరూపం నుండి చలనానికి:

వృక్షశాస్త్ర చిత్రాలు మొక్కను గాలి సోకని వస్తువుగా చూపాయి. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ స్థానిక చిత్రకారులచేత మొక్కల బొమ్మలు గీయించాడు. వాటి ఆధారంగా 1795 నుండి లండన్‌లో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలోని 300 ఫలకాలు ఇందుకు నిదర్శనం. జాతిని గుర్తించడానికి ఆ నిశ్చలత అవసరమే.

1880లో చార్లెస్ డార్విన్ తన కుమారుడు ఫ్రాన్సిస్ తోడ్పాటుతో వెలువరించిన గ్రంథంలో మరొక మార్గం కనిపిస్తుంది. మొక్క కొన ఏయే వేళ ఎక్కడ ఉన్నదో ఒకే గాజుపలకపై చుక్కలుగా గుర్తించడం ఆ మార్గం. అది మొక్క స్వీయచలనమే కాని గాలి కలిగించినది కాదు. అయితే వేర్వేరు క్షణాలను ఒకే తలంపై నిలపడమనే ఆలోచన అందులో ఉంది.

3. మారే ప్రయోగాలు:

1882లో ఫ్రెంచి శరీరధర్మశాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే ఈ పనిని కెమెరాకు అప్పగించాడు. నల్లని నేపథ్యం ముందు కదిలే మనిషిని, చీలికలున్న చక్రం తిరుగుతుండగా, ఒకే ఫలకంపై సమాన వ్యవధులలో చిత్రించాడు. వ్యవధి తెలిసినందువల్ల ముద్రల మధ్య దూరం వేగానికి కొలత అయింది. ముద్రలు ఒకదానిపై ఒకటి పడటం ఆయనకు సమస్య. అందుకే మనిషికి నల్లదుస్తులు తొడిగి, అవయవాల వెంట తెల్లని గీతలను మాత్రమే కనిపించనిచ్చాడు.

4. గాలిలో మొక్క:

మారే తొలగించదలచిన అతివ్యాప్తినే తరువాతి కళాకారులు కోరుకున్నారు. 1940ల నుండి అమెరికా ఛాయాచిత్రకారుడు హ్యారీ కాలహన్ ఒకే నెగెటివ్‌పై పలు ముద్రలు వేసే ప్రయోగాలు చేశాడు. కలుపుమొక్కలు, చెట్లు ఆయనకు ప్రియమైన వస్తువులు.

రెల్లుపూతను ఉదాహరణగా తీసుకుందాం. కదలని కెమెరాతో ఎనిమిది ముద్రలు వేయాలంటే, ఒక్కొక్కదానికి మొత్తం వెలుగులో ఎనిమిదో వంతు చాలు. దుబ్బు మొదలు ఎనిమిదిసార్లూ ఒకేచోట పడి గట్టిగా నిలుస్తుంది. పూత ఎనిమిదిచోట్ల పలుచగా పడుతుంది. దీర్ఘమైన ఒకే ఎక్స్‌పోజర్‌లో ఆ పూత మసకచారగా మారేది. ఇక్కడ ప్రతి స్థితికీ తన అంచు ఉంటుంది. ఊగేది ఏదైనా కొసలవద్ద నెమ్మదిస్తుంది కనుక, వ్యవధి పాటించకుండా వేసిన ముద్రలు ఎక్కువగా అక్కడే పడే అవకాశం ఉంది. కాబట్టి చిత్రంలోని సాంద్రతను బట్టి పూత ఎక్కడ ఎక్కువసేపు గడిపిందో కొంతవరకు ఊహించవచ్చు.

అయితే ఛాయాచిత్రకారుడు గాలితెర కోసం వేచి చూస్తాడు. నచ్చిన క్షణాన్నే ఎన్నుకుంటాడు. వ్యవధి తెలియని ఆ చిత్రం వేగాన్ని కొలవలేదు. విడివిడి చిత్రాలను తరువాత కంప్యూటర్‌లో కలిపే నేటి విధానంలో వేర్వేరు రోజుల గాలులను కూడా ఒకే మొక్కపై చూపవచ్చు.

5. ముగింపు:

పలు తాళపత్రప్రతులను కలిపి ఒక పాఠాన్ని నిర్ణయించే పరిష్కర్త, ఏ పాఠం ఏ ప్రతిలోనిదో అధోజ్ఞాపికలో చెప్పకపోతే, ఆ పాఠం ఎంత సొగసుగా ఉన్నా పరిశోధకునికి ఆధారం కాదు. ఈ చిత్రాల విషయమూ అంతే. ముద్రల సంఖ్య, వాటి వ్యవధి, అవి ఒకే ఫలకంపై పడ్డాయా తరువాత కలిపినవా అనే మూడు వివరాలు తోడైతే అవి మొక్క ప్రవర్తనకు సాక్ష్యాలవుతాయి. లేకుంటే కళాఖండాలుగానే మిగులుతాయి. ఆ విలువ చిన్నదేమీ కాదు, కాని ఈ రెండు విలువలను కలగాపులగం చేయరాదు.