నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం

నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో, సూళ్లూరుపేటకు ఉత్తరాన ఉంది. దీన్ని 1976లో ఏర్పాటు చేశారు. విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. 2022 జిల్లాల పునర్విభజనకు ముందు ఇది నెల్లూరు జిల్లాలో ఉండేది. గూడబాతులు గుంపులుగా గూళ్లు కట్టే ముఖ్య స్థావరాల్లో ఇది ఒకటి.

చెరువు, చెట్లు

ఈశాన్య రుతుపవనాల వానలకు అక్టోబరు, డిసెంబరు మధ్య ఇక్కడి చెరువు నిండుతుంది. నీట మునిగినా తట్టుకునే కడప చెట్లు చెరువులో గుబురుగా పెరిగాయి. చుట్టూ నీరుంటే నేల మీద తిరిగే జంతువుల బెడద తక్కువ కాబట్టి పక్షులు వీటిపై గూళ్లు కడతాయి. వానలు సరిగా పడని ఏడాది గూళ్లూ తగ్గుతాయి.

పులికాట్‌తో బంధం

గూడబాతులు మేతకు పులికాట్ సరస్సుకు వెళ్తాయి. చిలికా తర్వాత దేశంలో అతి పెద్ద ఉప్పునీటి సరస్సు అదే. కాబట్టి నేలపట్టు చెరువునొక్కదాన్నే కాపాడితే సరిపోదు. పులికాట్‌లో చేపలు తగ్గితే ఇక్కడి పక్షి పిల్లలు ఆకలికి గురవుతాయి.

కనిపించే పక్షులు

గూడబాతును పెద్ద ముక్కు, దాని కింద వేలాడే సంచి, పైముక్కు అంచున ఉండే మచ్చలతో గుర్తించవచ్చు. పిల్లలు తల్లిదండ్రుల గొంతులోకి తల దూర్చి మేత తింటాయి. నత్తగుల్ల కొంగ ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. దీని ముఖ్యాహారం నత్తలు. తెల్ల కంకణాలు, నీటికాకులు, చింతవక్కలు కూడా ఇక్కడ గూళ్లు కడతాయి. రాజహంసలను (ఫ్లెమింగోలను) చూడాలంటే పులికాట్ లోతు తక్కువ నీళ్ల వైపు వెళ్లాలి. వాటి పేరుతో సూళ్లూరుపేటలో 2001లో ఫ్లెమింగో పండుగ మొదలైంది.

వీక్షణ

నవంబరు నుంచి మార్చి వరకు అనువైన కాలం. ఉదయం, సాయంత్రం వేళల్లో కాపలా బురుజు నుంచి బైనాక్యులర్‌తో చూస్తే రాకపోకలు చక్కగా తెలుస్తాయి. గూళ్లకు దగ్గరగా వెళ్లినా, కేకలు వేసినా పెద్ద పక్షులు లేచిపోతాయి. అప్పుడు గుడ్లు, పక్షి పిల్లలు ఎండకు, కాకులకు బలవుతాయి. అందుకే సందర్శకులు కట్ట దాటకుండా, సద్దు చేయకుండా దూరం నుంచే చూడాలి.