కుక్కకు నిలిపిన శిల

సీతాఫల్‌మండిలో మా యింటి పెరటియందు ఒక సీతాఫలపు చెట్టు కలదు. దాని మొదట మూరెడు పొడవుగల నల్లరాయి యొకటి పాతియున్నది. దానిపై మా పిల్లలు సున్నముతో రెండక్షరములు వ్రాసిరి. వానకు చెరగినప్పుడెల్ల వారే మరల వ్రాయుచుందురు. ఆ రెండక్షరములు “మోతీ”. పదునాలుగేండ్లు మా యింట పెరిగిన కుక్క పేరది.

మోతీ గొప్ప జాతిది కాదు. ఒక వానరాత్రి రైలుకట్ట ప్రక్కన వణకుచు దొరికిన కూన. అప్పటికే జబ్బుపడియుండెను. బ్రతుకునని మాకు నమ్మకము లేదు. ఇంటిల్లిపాదియు వంతులు వేసికొని ఉగ్గుగిన్నెతో పాలు పోసి దానిని బ్రతికించుకొంటిమి. పెద్దదైన పిదప ప్రతిదినము సాయంకాలము మేము రైలు దిగు వేళకు స్టేషను వాకిట కూర్చుండి యుండెడిది. తెల్లవారుజామున రేడియోలో ఆకాశవాణి సంకేతధ్వని వినబడగానే లేచి ఒడలు విరుచుకొనెడిది. రాత్రి వార్తలు ముగియువరకు రేడియో బల్లక్రిందనే పడుకొనెడిది. ఒక వేసవి ఉదయమున సంకేతధ్వని వినబడినది గాని, బల్లక్రింద కదలిక లేదు.

పెరటిలోనే పాతిపెట్టితిమి. పొరుగింటివారు వచ్చి, “కుక్క కింత దుఃఖమేమిటండీ? ఇంకొకటి తెచ్చుకొనరాదా?” అనిరి. వారు నొప్పించవలెనని అన్నమాట కాదది, ఓదార్పుగా అన్నమాటయే. ఆ సాయంకాలము మా చిన్నవాడు, “మోతీకి పదవనాడు చేయమా, నాన్నా?” అని యడిగెను. మా వద్ద సమాధానము లేకపోయెను. కుక్క పోయిన యింట మైల లేదు, పిండము లేదు, పరామర్శకు వచ్చు బంధువులు లేరు. దుఃఖమున్నది గాని, ఆ దుఃఖమునకు ఒక విధి లేదు. మన భాష తీరును అట్టిదే. దిక్కులేని చావును “కుక్కచావు” అందుము. అట్లని విశ్వాసమునకు ఉదాహరణ చెప్పవలసివచ్చినప్పుడు మాత్రము మనకు మొదట తోచునది కుక్కయే.

మా దుఃఖము నిజముగా వెఱ్ఱితనమేనా, లేక మాకు ముందు కూడ మనుష్యులు ఇట్లు దుఃఖించిరా? ఈ ప్రశ్న మమ్ములను చరిత్ర పుటలు తిరుగవేయునట్లు చేసినది. అందు దొరికిన కొన్ని సంగతులను పాఠకుల ముందుంచుచున్నాము.

1914లో జర్మనీ దేశమున, బాన్ నగర సమీపమునందలి ఒబెర్‌కాసెల్ అను చోట, రాళ్లు కొట్టు కూలీలకు ఒక ప్రాచీనసమాధి బయల్పడెను. అందొక పురుషుడు, ఒక స్త్రీ, వారితో ఒక కుక్క. ఆ సమాధి వయస్సు సుమారు 14,000 సంవత్సరములు. అప్పటికి మానవుడు నాగలి పట్టలేదు, ఆవును కట్టివేయలేదు. 2018లో ప్రకటితమైన పరిశోధనలో ఆ కుక్క పండ్లను పరీక్షించి, అది ఏడునెలల పిల్లయనియు, కూనగా నున్నప్పుడే డిస్టెంపర్ అను ప్రాణాంతకవ్యాధికి లోనై కొన్ని వారములు బాధపడినదనియు తెలిపిరి. ఆ జబ్బులో పడియున్న పిల్ల వేటకు పనికిరాదు, కాపలాకు పనికిరాదు. ఎవరో దగ్గర కూర్చుండి నీరు త్రాగించి, శుభ్రపరచి, వెచ్చగా నుంచనిదే అన్ని దినములు బ్రతికియుండదు. ఆ సంగతి చదివినప్పుడు మాకు మా యింటి ఉగ్గుగిన్నె జ్ఞప్తికి వచ్చినది. పనికిరాని కూనను ప్రేమించుట నిన్న మొన్న పుట్టిన పట్టణపు వేడుక కాదు. వ్యవసాయముకంటె ప్రాచీనమైన మానవస్వభావము.

మన వాఙ్మయమునకు వచ్చినచో, భారతకథ కుక్కతో మొదలై కుక్కతో ముగియుచున్నదని చెప్పవచ్చును. పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వపు తొలిభాగముననే సరమ కథ యున్నది. జనమేజయుని యజ్ఞశాలకు ఆడుకొనుచు వచ్చిన కుక్కపిల్లను రాజసోదరులు నిష్కారణముగా కొట్టిరి. తల్లియైన సరమ నేరుగా రాజును నిలదీసి, నిరపరాధిని హింసించినవారికి తలవని తలంపుగా భయము కలుగునని పలికిపోయెను. చక్రవర్తి ఆ మాటను తేలికగా తీసికొనలేదు. దాని శాంతికై తగిన పురోహితుని వెదకికొనుచు వెళ్లెను. ఇక భారతము చివర, పదమూడవ శతాబ్దమున తిక్కనసోమయాజి తెనిగించిన మహాప్రస్థానికపర్వమున, ధర్మరాజు తన్ను వెన్నంటి వచ్చిన కుక్కను విడిచి స్వర్గరథ మెక్కనని ఇంద్రునితో వాదించుట అందరెరిగినదే. తమ్ములను, ద్రౌపదిని విడిచి వచ్చితివి గదా యని ఇంద్రుడు ఎత్తిపొడువగా, మరణించినవారిని బ్రతికించుట తన చేతిలో లేదనియు, ప్రాణముతో నుండి నమ్మి వెంటవచ్చినదానిని విడుచుట మాత్రము తన చేతిలోనే యున్నదనియు ధర్మరాజు భావము. యమధర్మరాజే ఆ కుక్కరూపమున వచ్చెనని పిదప తెలియును గాని, వాదించునప్పటికి ధర్మరాజునకు అది వట్టి కుక్కయే. ఆ వాదమునకు విలువ వచ్చినది అందువలననే.

పురాణముల నుండి శిలలకు వత్తము. దక్షిణదేశమున వీరులకు శిలలు నిలుపుట పాతవాడుక. మన తెలుగునాట వానిని వీరగల్లులందురు. ఊరికై, ఆలమందకై పోరి పడిన మనుష్యునకు దక్కు గౌరవమది. ఆ గౌరవము కుక్కలకును దక్కినది. తమిళదేశమున తిరువణ్ణామలై ప్రాంతమునందలి ఎడుత్తనూరులో పల్లవరాజైన మహేంద్రవర్మకాలపు వీరశిల, అనగా ఏడవ శతాబ్దమునాటిది, ఒకటి యున్నది. అందు వీరుని ప్రక్కన కుక్క చెక్కబడియున్నది. యజమాని పడిపోగా, ఆ కుక్క దొంగల నిద్దరిని కరచి నిలువరించెనని శాసనము చెప్పుచున్నది. చెప్పి యూరకొనక, “కోవివన్” అని దాని పేరును కూడ వ్రాసినది.

ఇంతకంటె పూర్ణమైన కథ కర్ణాటకమున మండ్య జిల్లాలోని ఆతకూరుది. శకవర్షము 872, అనగా క్రీస్తుశకము 949-50 నాటి శాసనమది. అప్పుడు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు. మన వేములవాడ చాళుక్యులు కూడ ఆ సామ్రాజ్యమునకు సామంతులే కనుక, తెలంగాణమును కర్ణాటకమును ఆనాడు ఒకే గొడుగు క్రింద నుండెను. తక్కోలపు యుద్ధమున చోళులపై గెలుపు లభించిన పిమ్మట, గంగరాజైన బూతుగుడు తన వీరభటుడైన మణలేరుని మెచ్చి, ఏమి కావలెనో కోరుకొమ్మనెను. మణలేరుడు రాజుగారి వేటకుక్కయైన కాళిని కోరుకొనెను. పిదప ఒకనాడు కెలలె యను గుట్టపై కాళి ఒక పెద్ద అడవిపందితో పోరాడెను. పందియు కాళియు రెండును అచ్చటనే మరణించినవి. అందులకు గుర్తుగా ఆతకూరు చెల్లేశ్వరాలయము ముందు ఒక శిల నిలిపి, దానిపై కుక్క పంది పోరును చెక్కించిరి. నేడా శిల బెంగళూరు ప్రభుత్వ మ్యూజియములో నున్నది.

మమ్ములను ఆకర్షించినది ఆ శిల్పముకంటె శాసనములోని ఏర్పాటు. కాళి శిలను పూజించుటకై కొంత భూమిని దానము చేసిరి. ఆ భూమిని అనుభవించు గొరవడు, అనగా శైవపూజారి, శిలను పూజింపక భుజించినచో ఆ కుక్క చేసిన పాపములు తనకు తగులునట! మా చిన్నవాడు అడిగిన ప్రశ్నకు వేయేండ్ల క్రిందటనే ఎవరో సమాధానము వ్రాసిపెట్టిరి. దుఃఖము నిలుచుటకు ఒక పేరు కావలెను, ఒక చోటు కావలెను, మరువకుండ చేయవలసిన ఒక పని కావలెను. మణలేరుడు కాళికి ఈ మూడింటిని ఏర్పరచెను.

ఈ భావము ఒక్క మన దేశమునకే చెందినది కాదు. జపానులో టోక్యో విశ్వవిద్యాలయపు వ్యవసాయశాస్త్రాచార్యుడు ఉయెనో గారికి హచికో యను కుక్క యుండెడిది. అది ప్రతిదినము షిబుయా రైలుస్టేషనులో ఆయనకు ఎదురుచూచెడిది. 1925 మే నెలలో ఆచార్యులవారు విధినిర్వహణలో నుండగనే మరణించిరి. ఆ సంగతి తెలియని హచికో, 1935 మార్చిలో తాను మరణించువరకు, దాదాపు పదియేండ్లు ఆ స్టేషనుకు వచ్చుచునే యుండెను. 1934లోనే అచ్చట దాని కంచువిగ్రహమును నెలకొల్పిరి. యుద్ధకాలమున ఆ విగ్రహమును కరగించివేయగా, 1948లో మరల పోతపోసిరి. 2015లో విశ్వవిద్యాలయపు ఆవరణములో ఇంకొక విగ్రహము వెలసినది. అందు ఆచార్యుడు ఇల్లు చేరినట్లును, కుక్క పైకెగిరి ఆయనను కలిసికొనినట్లును చూపిరి. తొంబదియేండ్లు గడచిన పిమ్మటనైనను ఆ నిరీక్షణను ముగింపవలెనని ఎవరికో తోచినదన్నమాట. సీతాఫల్‌మండి స్టేషను మెట్లు దిగుచు నేటికిని వాకిలివైపు చూచు అలవాటున్న మాకు ఆ విగ్రహము సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతవరకు చెప్పినవన్నియు పేరుగల కుక్కలు. కథ ఇంతటితో ముగిసినచో సుఖముగనే యుండెడిది. కాని మోతీతో మేము వ్యాహ్యాళికి వెళ్లు త్రోవయే మాకు మరియొక సంగతి నేర్పినది. ఆదివారములలో విశ్వవిద్యాలయపు ఆవరణములో ప్రవేశించి, 1939లో ప్రారంభోత్సవము జరిగిన ఆర్ట్సు కళాశాల భవనమును దాటి, బండరాళ్ల నడుమ నడచి తార్నాకవైపు వచ్చెడివారము. అచ్చట జాతీయ పోషకాహార సంస్థ యున్నది. 1918లో కూనూరులో మెక్కారిసన్ అను వైద్యుడు బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఆరంభించిన చిన్న ప్రయోగశాల దీనికి మూలము. అది పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో నేటి పేరు దాల్చినది.

ఆ కాలమున దక్కను పీఠభూమిలో జొన్నయే ప్రధానాహారముగాగల బీదలలో పెల్లాగ్రా అను వ్యాధి కనబడుచుండెను. ఎండ తగులు చేతులపై, మెడపై చర్మము నల్లబడి పగులును, విరేచనములు పట్టుకొనును, ముదిరినచో మతి చలించును. కుక్కలకు వచ్చు నల్లనాలుక యను జబ్బు దీనికి జంట. 1937లో అమెరికాలో ఎల్వెహెం అను శాస్త్రజ్ఞుడు నికోటినిక్ ఆమ్లముతో కుక్కల నల్లనాలుకను మాన్పిన పిదపనే, మనుష్యుల పెల్లాగ్రాకు మందు దొరకినది. అయితే మొక్కజొన్న తినువారికి వచ్చు వ్యాధి జొన్న తినువారికేల వచ్చుచున్నదను చిక్కుముడి మిగిలినది. జొన్నలో అధికముగా నుండు ల్యూసిన్ అను పదార్థము ఇందులకు హేతువు కావచ్చునని 1960లో డాక్టరు గోపాలన్, డాక్టరు శ్రీకంఠయ్య గార్లు సూచించిరి. 1965లో బెలవాడి, గోపాలన్ గార్లు జొన్నయాహారముతో పెంచిన కుక్కలకు నల్లనాలుక వచ్చుటను ప్రకటించిరి. ల్యూసిన్ సిద్ధాంతముపై పిమ్మట వాదోపవాదములు జరిగినవి గాని, జొన్న తిను బీదవాని వ్యాధిని లోకశాస్త్రము దృష్టికి తెచ్చినవి ఆ పరిశోధనలే.

మన పల్లెల జబ్బును తమ నాలుకలపై మోసిన ఆ కుక్కలు మోతీకి ఇరుగుపొరుగువి. శాస్త్రవ్యాసములలో కుక్కలకు పేర్లుండవు, సంఖ్యలుండును. అది శాస్త్రపు పద్ధతి. ఆ శాస్త్రజ్ఞులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. వారు ఆకలిగొన్నవారి పక్షమున నిలిచినవారు. ప్రయోగములలో జంతువులకు అనవసరపు బాధ కలుగకుండ చూచుటకు సంఘమును నియమించు అవకాశము 1960 నాటి జంతుహింసా నివారణచట్టములోనే యున్నది. కాని ఋణము ఋణమే. రష్యాలో పావ్లోవ్ పండితుడు ఈ ఋణమును గుర్తించెను. ఆయన కోరికపై 1935లో లెనిన్‌గ్రాడులోని ప్రయోగవైద్య సంస్థ ఆవరణమున కుక్కకు ఒక స్మారకస్తంభమును నిలిపిరి. అది ఒక కుక్కకు కాదు, పేరులేని కుక్కలన్నింటికిని.

మోతీ పోయిన పదవనాడు మా యింట ఎవ్వరును ఏమియు అనలేదు. మధ్యాహ్నము మా తల్లిగారు వంటయింటినుండి ఒక విస్తరిలో పెరుగన్నము తీసికొని, మాటాడక పెరటిలోనికి వెళ్లి, ఆ నల్లరాయి ముందుంచిరి. మా చిన్నవాడు, “నాయనమ్మా, మోతీ తినదు గదా?” అనెను. “మోతీకి కాదురా. వీధిలో ఇంకా ఉన్నాయిగా,” అని ఆమె పెరటితలుపు తెరచి పెట్టిరి. కొంతసేపటికి ఎన్నడును చూడని గోధుమరంగు కుక్క యొకటి బెదురుచు లోనికి వచ్చి, విస్తరి నాకి వెళ్లిపోయెను. ఆనాటినుండి ఆ వేళకు మా పెరటితలుపు తెరచియే యుండును. వచ్చువాటిలో దేనికిని మేము పేరు పెట్టలేదు.