రేడియేటర్ ఫ్యాన్‌కి రెండు స్పీడ్‌లు ఎందుకొచ్చాయి?

మే నెలలో ఒక మధ్యాహ్నం మేడ్చల్ నుంచి శామీర్‌పేటకి ఓఆర్ఆర్ మీద వెళ్తున్నా. ఏసీ చల్లగా ఉంది, టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఉంది. శామీర్‌పేట దగ్గర దిగి టోల్ లైన్లో ఆగాను. నాలుగు నిమిషాల్లో ఏసీ నుంచి వేడిగాలి, ముల్లు మెల్లగా పైకి. అంతలో బానెట్ కింద ఫ్యాన్ విమానంలా ఒక్కసారి గర్జించింది. ముల్లు దిగింది, ఫ్యాన్ ఆగింది. కాసేపటికి మళ్ళీ అదే వరస.

దానికి వారం ముందే ఒక గ్యారేజీలో చూపించా. కంప్రెసర్ పోయింది, 28,000 అవుతుంది అన్నారు. కానీ కంప్రెసర్ పోతే ఓఆర్ఆర్ మీద కూడా ఏసీ పనిచేయకూడదు కదా? ఆఫీసులో ఐదేళ్ళు బగ్‌లు వెతికినవాడిని, ఈ లెక్క నాకు కుదరలేదు. స్పీడ్‌లో బాగుంది, ఆగితేనే పాడైంది. అంటే తేడా గాలిలో ఉంది. అక్కణ్ణించి ఈ ఫ్యాన్ చరిత్రలో పడ్డా.

పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని గుర్తున్నాయా? పెళ్ళిళ్ళకి అద్దెకి తెచ్చేవాళ్ళు. వాటిలో రేడియేటర్ ఫ్యాన్‌ని తిప్పేది ఇంజనే, బెల్టుతో. హైదరాబాద్‌లో 1932లో నిజాం స్టేట్ రైల్వే 27 బస్సులతో రోడ్డు సర్వీసు మొదలుపెట్టింది, ఆ కాలం బండ్లదీ ఇదే పద్ధతి. చూడ్డానికి సింపుల్. కానీ తిరకాసు చూడండి: హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌ని చల్లబరుస్తుంది, ఫ్యాన్ అవసరమే లేదు, అయినా అప్పుడే ఫ్యాన్ అందరికంటే జోరుగా తిరుగుతుంది. ట్రాఫిక్‌లో ఆగితే గాలి లేదు, ఫ్యాన్ కావాలి, అప్పుడేమో ఇంజన్‌తోపాటు అదీ నీరసంగా తిరుగుతుంది. అందుకే పాత డ్రైవర్లు సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టి రేస్ చేసేవాళ్ళు. డిక్కీలో ఒక నీళ్ళ డబ్బా ఎప్పుడూ ఉండేది.

మరి కరెంటు ఫ్యాన్ ముందే ఎందుకు పెట్టలేదు? కారణం డైనమో. ఇంజన్ ఐడిల్‌లో ఉంటే డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాన్ కావాల్సింది సరిగ్గా ఐడిల్‌లోనే! 1960లో క్రిస్లర్ వాళ్ళు వేలియంట్ కారుకి ఆల్టర్నేటర్ పెట్టారు, తర్వాత మిగతావాళ్ళూ అదే దారి పట్టారు. ఐడిల్‌లో కూడా కరెంటు దొరికింది.

రెండో తోపు ఇంజన్‌ని అడ్డంగా పెట్టడం నుంచి వచ్చింది. 1959 మినీలో ఇంజన్ అడ్డంగా ఉంటుంది, బెల్టు ఫ్యాన్‌కి ఎదురుగా ఉండాలి కాబట్టి రేడియేటర్‌ని పక్కకి, చక్రం వైపు నెట్టారు. 1969లో ఫియట్ 128 రేడియేటర్‌ని మళ్ళీ ముందుకి తెచ్చి, దానికి కరెంటు ఫ్యాన్ బిగించింది. బెల్టుతో పనిలేకపోతే ఫ్యాన్ ఎక్కడైనా ఉండొచ్చు. మన దేశంలో మామూలు మధ్యతరగతి ఇంటికి ఈ ఏర్పాటు వచ్చింది 1983 డిసెంబర్ 14న, మారుతి 800 మొదటి తాళాలు చేతులు మారిన రోజు. బాగా వేడెక్కితే ఫ్యాన్ ఆన్, చల్లబడితే ఆఫ్. ఒకటే స్పీడ్.

ఒక స్పీడ్ చాలకపోవడానికి కారణం ఏసీ. ఏసీ ఉంటే రేడియేటర్ ముందు కండెన్సర్ కూడా ఉంటుంది, దానికి బండి ఆగినప్పుడల్లా గాలి కావాలి. ప్రతిసారీ ఫుల్ స్పీడ్ తిప్పితే మోత, కరెంటు దండగ. ఫ్యాన్ వేగం సగం చేస్తే దానికి పట్టే పవర్ దాదాపు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అందుకే ఏసీకి లో, ఇంజన్ మరీ వేడెక్కితే హై.

ఎలా చేస్తారు? రెండు ఫ్యాన్‌లున్న కొన్ని బండ్లలో మూడు రిలేలు పెడతారు. లో లో రెండు ఫ్యాన్‌లూ సిరీస్‌లో, ఒక్కోదానికి ఆరేసి వోల్టులు. హై లో ప్యారలల్, ఒక్కోదానికి పన్నెండు. ఈ రిలే 1830లలో టెలిగ్రాఫ్ కాలంలో పుట్టిన వస్తువు, చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆడించేది. మన బండి కంప్యూటర్ దాని కాయిల్‌కి ఒక ఆంపియర్‌లో కొసరు ఇస్తే, అది ఇరవై ముప్ఫై ఆంపియర్లని ఫ్యాన్‌కి వదులుతుంది.

నా బండిలో ఒకటే ఫ్యాన్. అలాంటివాటికి చవక దారి రెసిస్టర్: లో రిలే రెసిస్టర్ మీదుగా, హై రిలే నేరుగా. లెక్క వేద్దాం. పది ఆంపియర్లు పోతూ రెసిస్టర్ దగ్గర నాలుగు వోల్టులు పడితే 40 వాట్లు, ఒక సోల్డరింగ్ ఐరన్ అంత వేడి. అందుకే దాన్ని ఫ్యాన్ గాలి తగిలేచోటే బిగిస్తారు. దుమ్ముకి ఫ్యాన్ బేరింగ్ బిగుసుకుంటే కరెంటు పెరుగుతుంది, గాలి తగ్గుతుంది, రెసిస్టర్ తెగుతుంది. లో పోతుంది, హై బతికే ఉంటుంది. సరిగ్గా నా టోల్ లైన్ కథ!

మేడ్చల్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళా. "అన్నా, ఏసీ ఆన్ చెయ్" అన్నాడు. చేశా. ఫ్యాన్ కదల్లేదు. టెస్ట్ ల్యాంప్ పెట్టి చూస్తే రెసిస్టర్ ముందు కరెంటు ఉంది, వెనక లేదు. రెండు నిమిషాల పని. "డైరెక్ట్ కొట్టేయనా? మూడొందలు చాలు" అని అడిగాడు. అంటే తాళం తిప్పితే చాలు, ఫ్యాన్ ఎప్పుడూ ఫుల్ స్పీడ్. చాలామంది ఒప్పుకుంటారు, నాకు మాత్రం అది మళ్ళీ బెల్టు కాలానికి పోవడమే అనిపించింది. పైగా ఆ సన్న వైరు ఇరవై ఆంపియర్లకి రోజంతా ఆగదు.

వద్దు తమ్మీ అని రెసిస్టర్ మార్పించి, ఫ్యాన్ మోటార్ కూడా విప్పించి శుభ్రం చేయించా. అన్నీ కలిపి 1,400. మీరు చెక్ చేయాలంటే చేతులు దూరంగా పెట్టండి, ఇంజన్ ఆపాక కూడా ఫ్యాన్ ఉన్నట్టుండి తిరగొచ్చు. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి.

ఇదిగో, పాత రెసిస్టర్. కెమెరాకి దగ్గరగా పెడుతున్నా, మధ్యలో నల్లగా తెగిపోయింది చూశారా, అదే.